నెపం పసిఫిక్ మీద

సంతాప సభలో ఆవిడను సౌమ్యురాలన్నారు.

గుడివాడలో మా కాలేజీ హాల్లో ఫోటోకి దండ వేసి, ఒకరి తర్వాత ఒకరు మైకు ముందు నిలబడి అదే మాట. మృదుభాషి అన్నారు. ప్రకృతి ప్రేమికురాలన్నారు. అవనిగడ్డ ఇరిగేషన్ ఆఫీసు నుంచి ఇంజనీరు గారు కూడా పనిగట్టుకుని వచ్చి, "మేడం గారి సూచనలు మాకెప్పుడూ శిరోధార్యం" అని చెప్పి, మౌనం పాటించి, టీ తాగి వెళ్ళారు. నేను మూడో వరసలో కూర్చుని పళ్ళు కొరుక్కున్నాను.

ఆవిడ సౌమ్యురాలు కాదు. నేనెరిగిన వాళ్ళలో అంత కోపిష్టి మనిషి ఇంకొకరు లేరు. చచ్చిపోయిన మనిషి దగ్గర ఇంకేం మిగుల్తుందని ఆ కోపాన్ని కూడా లాక్కున్నారు వీళ్ళు? ఇది ఆ మంటలో రాస్తున్నాను.

ఆవిడ మా కాలేజీలో భూగోళశాస్త్రం చెప్పేవారు. నేను తెలుగు. ఇద్దరం ఉండేది బందర్లోనే. పొద్దున్నే గుడివాడ వెళ్ళే ప్యాసింజరులో ఎదురెదురు సీట్లలో కూర్చునేవాళ్ళం. మామూలుగా ఎవరినైనా "ఏమ్మా", "ఏవయ్యా" అని చనువుగా పిలిచే మనిషి, కోపమొస్తే మర్యాదలోకి దిగేవారు. ముందు కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచేవారు. తర్వాత "అండీ" మొదలయ్యేది. కోపం పెరిగేకొద్దీ అండీలు పెరిగేవి. "మీరు చాలా బాగా చెప్పారండీ, కొంచెం మళ్ళీ చెప్పండీ" అన్నారంటే అవతలి మనిషి వచ్చే స్టేషన్లో దిగిపోవడం మంచిదని మా పెట్టెలో అందరికీ తెలుసు.

ఒకసారి పెడనలో ఎక్కిన పెద్దమనిషి ఒకాయన పేపరు మడిచి, "ఈ వాతావరణం వాళ్ళు చెప్పేది ఎప్పుడు జరిగింది లెండి. వానంటే ఎండ, ఎండంటే వాన" అని నవ్వాడు. ఆవిడ కళ్ళజోడు తీశారు.

"మీకు పెళ్ళికి ముందు జాతకం చూపించారాండీ?"

"చూపించారండి. ఎందుకు?"

"అందులో చెప్పినవన్నీ జరిగాయాండీ?"

ఆయన నవ్వు ఆపేశాడు.

"అది జరక్కపోయినా మీరు జ్యోతిష్కుణ్ణి ఏమీ అనరు. వీళ్ళు ఇంత అవకాశం ఉందని మాత్రమే అంటారు. మీరు దాన్ని జాతకంలా చదివి, జరగలేదని వాళ్ళని తిడతారు. అవకాశమనే మాట మనకెవరికీ అర్థం కాదండీ. ఉందో లేదో తేల్చి చెప్పమంటాం."

అయితే ఆవిడకు అసలు కోపం ఆ పెద్దమనిషి లాంటి వాళ్ళ మీద కాదు. ఎల్‌నినో అనే మాట నేర్చుకుని, దాన్ని గొడుగులా వాడుకునే వాళ్ళ మీద.

ఆ మాట అర్థమేమిటో నాకు చెప్పింది స్టాఫ్ రూములో, పాలగ్లాసుతో. నా చేతిలో గ్లాసు లాక్కుని, మీగడ మీద మెల్లగా ఊదారు. మీగడంతా అవతలి అంచుకి పోయి ముడతపడింది.

"ఇది పసిఫిక్ సముద్రం. గాలి తూర్పు నుంచి పడమరకి ఇలా ఊదుతూ ఉంటుంది. వేడి నీళ్ళన్నీ మన ఆసియా వైపు అంచుకి చేరతాయి. వేడి ఎక్కడుంటే మబ్బు అక్కడ కడుతుంది. ఇప్పుడు చూడు." ఊదడం ఆపేశారు. మీగడ మెల్లగా వెనక్కి జరిగింది. "కొన్నేళ్ళకొకసారి ఆ గాలి నీరసపడుతుంది. వేడి నీళ్ళు అమెరికా వైపుకి మళ్ళుతాయి. మబ్బు కూడా వాటి వెంటే పోతుంది. మన రుతుపవనం బలహీనపడే అవకాశం పెరుగుతుంది. అదే ఎల్‌నినో. గాలి మరీ గట్టిగా ఊదితే లానినా. అంతేనమ్మా. ఇందులో దెయ్యం లేదు, దేవుడూ లేడు."

తర్వాత ఆ పాలు తనే తాగేశారు.

ఆదివారాలు గిలకలదిండి వెళ్ళేవారు చేపలకి. నేనూ వెంట వెళ్ళేదాన్ని. వేలం పాటల అరుపుల మధ్య, పడవల అంచున వంగి నీళ్ళలో చెయ్యి పెట్టేవారు. వల బాగుచేసుకుంటున్న ఒకాయన చూసి, "ఏం మేడం గారూ, వేడెక్కిందా సముద్రం?" అని అడిగాడు వేళాకోళంగా.

"చేత్తో తెలిసేది కాదు బాబాయ్. అక్కడ పసిఫిక్ మధ్యలో ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే చాలు, ఇక్కడ మన శివారు పొలాల గతి మారిపోవచ్చు. ఒక్క డిగ్రీ నా చేతికేం తెలుస్తుంది?"

"మరెందుకండీ పెట్టడం?"

"ఏం లేదు. దీనికి మనమంటే పగేం లేదని గుర్తు చేసుకోడానికి."

ఆ మాట ఆవిడ ఊరికే అనలేదు. దివిసీమ ఆవిడ పుట్టిన చోటు. ఉప్పెన వచ్చిననాటికి ఇంటర్ చదువుతున్నారు. ఆవిడ అక్క, అక్క చంకలోని పసిబిడ్డ ఆ నీళ్ళలో పోయారు. దాని గురించి నా ముందు ఒక్కసారే మాట్లాడారు, అదీ నేను అడిగితే కాదు.

రిటైరయ్యాక ఆవిడ కోపానికి తీరిక దొరికింది. నాకు సెలవున్న రోజు చూసుకుని, "ఏమ్మా, ఖాళీయేనా?" అని ఫోన్ చేసేవారు. చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ బస్సెక్కేవాళ్ళం. కోడూరు వైపు, కాల్వ చివరన ఉన్న శివారు ఊరొకటి ఆవిడ సొంతూరు. అక్కడ నాంచారయ్య అని ఒక కౌలు రైతు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న, ఈవిడ నాన్న పక్క పక్క చేలు చేసేవారట. ఈవిడ టీచరమ్మ కనుక ఆకాశం సంగతులన్నీ తెలుస్తాయని అతని నమ్మకం.

నేను చెప్పబోయే ఏడాది ఎండాకాలంలోనే పసిఫిక్ వేడెక్కుతోందని వార్తలొచ్చాయి. జూన్‌లో అవనిగడ్డ ఇరిగేషన్ ఆఫీసులో సాగునీటి సమావేశం పెట్టారు. ఆవిడ వెళ్ళి చేతులు కట్టుకుని చెప్పారు. ఆ రోజు కోపం లేదు. ఇంజనీరు గారి ముందు అంత నెమ్మదిగా మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.

"ఇది ఎల్‌నినో ఏడాది కావచ్చు సార్. ఆగస్టులో వానలు ముఖం చాటేసే ప్రమాదం ఉంది. అప్పుడు శివారు పొలాలకి కాల్వే దిక్కు. కాల్వలో పూడిక తీయించండి. ఇంకో సంగతి. ఇలాంటి ఏళ్ళలో రుతుపవనం తగ్గినా, వెళ్ళిపోయే ముందు మన కోస్తాలో వానలు ఎక్కువ పడే అవకాశం కూడా ఉంటుంది. కోతల టైములో తుఫాను వస్తే నీళ్ళు పోవడానికి డ్రెయినే దిక్కు. డ్రెయిను నిండా గుర్రపుడెక్క ఉంది. అది కూడా ఇప్పుడే తీయించాలి."

"తప్పకుండా మేడం. రెండూ ప్రపోజల్స్‌లో ఉన్నాయి. ఈ సీజన్ లోపల చేసేస్తాం" అన్నారాయన. ఆవిడ ఆ మాట నమ్మారు. ఆ నమ్మకం గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆగస్టు వచ్చింది. వాన లేదు. కాల్వలో పూడిక తీయలేదు. ఎగువ ఊళ్ళలో మోకాలి లోతు నీళ్ళు పారుతున్నాయి. కిందికి వచ్చేసరికి కాల్వ అడుగున తడి మాత్రమే మిగిలింది. నాంచారయ్య నారుమడి పచ్చదనం పోయి ఎర్రబారింది. రైతులంతా ఆఫీసుకి వెళ్తే, ఇంజనీరు గారు ఫ్యాను కింద కూర్చుని చేతులు విప్పి చూపించారు.

"ఎల్‌నినో అండీ. అంతర్జాతీయ సమస్య. మన చేతుల్లో ఏముంది చెప్పండి."

  ఎండిన చేను గురించి అడగడానికి వచ్చిన వాళ్ళకి ఎక్కడో ఉన్న మహాసముద్రాన్ని చూపిస్తే ఎవరు మాత్రం ఏమంటారు? ఆవిడ కళ్ళజోడు తీశారు.

"చాలా బాగా చెప్పారండీ. నాకొక చిన్న సందేహమండీ. పైన ఊరికి నీళ్ళొచ్చాయి కదండీ, అక్కడ ఎల్‌నినో లేదాండీ? మన కాల్వలో ఏ తూము దగ్గర మొదలైందండీ అది?"

"మేడం, మీరు చదువుకున్నవారు..."

"చదువుకున్నాను కాబట్టే అడుగుతున్నానండీ. వాన పడకపోవడం పసిఫిక్ పనయితే కావచ్చు. పూడిక తీయకపోవడం ఎవరి పనండీ? మా అక్క ఉప్పెనలో పోయినప్పుడు ఇలాగే ఒక ఆఫీసరు గారు వచ్చి అంతా దేవుడి లీల అన్నారండీ. అప్పుడు దేవుడు. ఇప్పుడు ఎల్‌నినో. మీ ఆఫీసులో మనుషులెప్పుడు చేరతారండీ?"

అక్క మాట నేను విన్నది ఆ ఒక్కసారే.

ఆ రోజు ఆఫీసు మెట్లు దిగుతుంటే నాంచారయ్య వెంట పడ్డాడు. "తిట్టారు, బాగుంది మేడం గారూ. నా నారు ముదిరిపోతందండి. వెయ్యనా, వదిలెయ్యనా?"

ఆవిడ మెట్టు మీదే కూర్చున్నారు. మోపిదేవి గుడికి కావళ్ళతో వెళ్తున్న భక్తులు కొందరు రోడ్డు మీద పోతున్నారు. వాళ్ళని చూపించి చెప్పారు.

"మన హిందూ మహాసముద్రం అలాంటి కావడి అనుకో. ఒక కుండ ఆఫ్రికా దగ్గర, ఇంకో కుండ సుమత్రా దగ్గర. ఒక్కో ఏడాది ఒకటి వేడెక్కి ఇంకోటి చల్లబడుతుంది. ఈసారి ఆఫ్రికా వైపు వేడెక్కుతోంది. అలా అయితే మనకి మంచిది. పసిఫిక్ చేసే చెరుపుని కొంత సర్దుతుంది. ఇంకోటి, మబ్బుల గుంపొకటి భూమధ్యరేఖ వెంట పడమర నుంచి తూర్పుకి తిరుగుతూ ఉంటుంది, నెలకో రెండు నెలలకో ఒక చుట్టు. అది మన సముద్రం మీదికి వచ్చినప్పుడు వాన ఊపందుకుంటుంది. సెప్టెంబరులో వచ్చేలా కనిపిస్తోంది."

"అంటే వాన పడుద్దంటారు."

"పడొచ్చంటున్నాను."

"ఒచ్చు గిచ్చు నాకొద్దండీ. వెయ్యమంటారా, వద్దంటారా? రెంటిలో ఒకటి చెప్పండి."

ఆవిడ మెట్టు మీంచి లేచి చీర దులుపుకున్నారు. తర్వాత, "వెయ్యి" అన్నారు.

సెప్టెంబరులో వాన పడింది. ఎంత బాగా పడిందంటే, నాంచారయ్య పెరట్లో కాసిన దోసకాయలు బస్సులో బందరు పంపించాడు ఆవిడకి. చేను ఆలస్యంగానైనా తేరుకుంది. పైన ఊళ్ళ వాళ్ళు కోసి కుప్పలేసుకున్నాక, డిసెంబరు మొదట్లో ఇతను కోత కోశాడు. కోసిన వరి పనలు చేలోనే ఆరుతున్నాయి. అప్పుడు తుఫాను వచ్చింది.

గాలి మనకి అంతగా తగల్లేదు. వాన మాత్రం తెరిపి ఇవ్వలేదు. కురిసిన నీళ్ళు డ్రెయినులోకి పోవాలి. డ్రెయిను మీద గుర్రపుడెక్క చాపలా పరుచుకుని ఉంది. నీళ్ళు పోలేదు సరికదా, డ్రెయినులోవే చేలలోకి ఎదురు తన్నాయి. పనలు తేలాయి. తేలినవి నాని, నానినవి మొలకెత్తాయి.

నష్టం చూడ్డానికని అవనిగడ్డలో మళ్ళీ సమావేశం. అదే ఇంజనీరు గారు, అదే ఫ్యాను. ఈసారి మైకు కూడా పెట్టారు. "ఎల్‌నినో ప్రభావం వల్ల ఈ ఏడాది అకాల వర్షాలు..." అని మొదలుపెట్టారాయన. ఆగస్టులో వాన పడకపోవడానికి చెప్పిన మాటే, డిసెంబరులో వాన పడినందుకూ చెబుతున్నారు.

ఆ పొద్దున ఆవిడ నన్ను బస్సు దిగగానే ఆఫీసుకి రానివ్వలేదు. మస్తాన్ అనే అతని ఆటో మాట్లాడి, ఊరి డ్రెయిను దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడ ఇద్దరు కూలీల చేత గుర్రపుడెక్క పీకించి ఆటో వెనక సీటు నిండా ఎక్కించారు. మస్తాన్ తల పట్టుకున్నాడు.

"మేడం గారూ, అందులో పాములుంటయ్యండీ!"

"ఉంటే వాళ్ళకే అప్పజెబుదాం పద."

ఇంజనీరు గారి నోట "ప్రకృతి వైపరీత్యం" అనే మాట వస్తుండగా ఆవిడ హాల్లోకి వచ్చారు. చేతుల నిండా గుర్రపుడెక్క. వెనక మస్తాన్ చేతుల నిండా కూడా. నల్లటి వేళ్ళ నుంచి బురద నీళ్ళు కారుతున్నాయి. తిన్నగా వేదిక ఎక్కి, ఆయన ముందున్న తెల్లటి బల్లగుడ్డ మీద దింపారు. మైకు పక్కకి ఒరిగిపోయింది.

"కొంచెం చూసి చెప్పండీ. ఇది పసిఫిక్ సముద్రం నుంచి కొట్టుకొచ్చిందాండీ? లేక జూన్‌లో మీరు తీయిస్తామన్న గుర్రపుడెక్కేనాండీ?"

హాలంతా ఈలలు, చప్పట్లు. కానిస్టేబుల్ వచ్చి, "అమ్మా, దయచేసి బయటికి రండి" అని ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ చెయ్యి విదిలించుకుని తనే నడిచి వచ్చేశారు. మర్నాడు పేపర్లో ఫోటో పడింది. డ్రెయిను దగ్గరికి పొక్లెయిన్ వచ్చింది. పేపరు వాళ్ళు ఫోటో తీసుకున్నాక వెళ్ళిపోయింది.

ఆ రోజే మేము నాంచారయ్య చేను చూడ్డానికి వెళ్ళాం. నేను పేపరు కూడా పట్టుకెళ్ళాను, సంతోషిస్తాడని. భార్యాభర్తలిద్దరూ మోకాటి లోతు బురదలో నిలబడి పనలు ఎత్తి గట్టు మీదికి చేరవేస్తున్నారు. కంకుల్లోంచి తెల్లటి మొలకలు పొడుచుకొచ్చాయి. కుళ్ళిన వాసన. అతను మమ్మల్ని చూసి కూడా పని ఆపలేదు.

"పేపర్లో పడ్డారంటగా" అన్నాడు చివరికి, ఆవిడ వైపు చూడకుండా. "బాగుంది. మీ కావడి కూడా నిజమే. వానొచ్చింది. పంటొచ్చింది. ఆ రోజు మీరు వద్దని ఉంటే వరి మానేసి మినుము చల్లుకునేవాణ్ణి. మీరు వెయ్యమన్నారు."

"అది కాదు నాంచారయ్యా, ఆ డ్రెయిను..." అని నేనేదో అనబోయాను. ఆవిడ నా చెయ్యి నొక్కారు.

"నువ్వన్నది నిజం. చివర్లో వానలు ముంచే అవకాశం ఉందని నాకు జూన్‌లోనే తెలుసు. ఆ ఆఫీసులో చెప్పాను. నీకు చెప్పలేదు. చెబితే వెయ్యవని భయపడ్డాను. డ్రెయిను బాగుచేస్తామన్నారు కదా, ఫర్వాలేదనుకున్నాను. సముద్రం అబద్ధం ఆడలేదు. నేనే సగం చెప్పాను. అది నా తప్పు."

గాలికి గట్టు మీది పనల నుంచి నీళ్ళ చుక్కలు రాలాయి. నాంచారయ్య నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు.

"ఇప్పుడా మాట నేనేం చేసుకోనండీ" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. మళ్ళీ వంగాడు.

ఆవిడ చెప్పులు విప్పి, చీర ఎగదోపుకుని చేలోకి దిగారు. అతని భార్య "వద్దు మేడం గారూ, జారతారు" అంటూనే ఉంది. జారారు కూడా, ఒకసారి. లేచి మళ్ళీ పన ఎత్తుకున్నారు. నేనూ దిగాను. నీళ్ళు ఓడుతున్న పన ఎంత బరువుంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. నలుగురం పొద్దు వాలేదాకా మోశాం.  నాంచారయ్య ఆవిణ్ణి క్షమించాడని నేను చెప్పను. తాగడానికి నీళ్ళు మాత్రం ముందు ఆవిడకే ఇచ్చాడు.

బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు ఆవిడ కొంగుతో చేతుల బురద తుడుచుకున్నారు. "రేపు మొదటి బస్సుకి రా" అన్నారు.

"ఎక్కడికి మేడం?"

"ఆ ఆఫీసుకే."

"నిన్ననే కదండీ గెంటేశారు. ఇప్పుడు తప్పు మీదేనని మీరే అన్నారు..."

"అన్నాను. నా తప్పు నేను ఒప్పుకున్నానని వాళ్ళది మాఫీ అయిపోతుందాండీ?"

నన్ను ఆవిడ అండీ అన్నది ఆ ఒక్కసారే. మర్నాడు మొదటి బస్సుకి వెళ్ళాను.

ఆ తర్వాత ప్రతి సోమవారం, అర్జీలు తీసుకునే రోజున, ఆవిడ ఆ ఆఫీసు వరండాలో కూర్చున్నారు. నేను వీలైనప్పుడల్లా వెళ్ళేదాన్ని. నాంచారయ్య మొదట్లో రాలేదు. కొన్నాళ్ళకి వచ్చి, దూరంగా స్తంభం పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. వేసవిలో డ్రెయిను తవ్వారు, సగం. మిగతా సగం టెండర్లో ఉందన్నారు. మరుసటి వేసవికీ టెండర్లోనే ఉంది. ఆ సగం కోసం తిరుగుతుండగానే ఆవిడ గుండె ఆగిపోయింది, బందరు బస్టాండులో, అవనిగడ్డ బస్సు కోసం నిలబడి ఉండగా.

సంతాప సభ శనివారం జరిగింది. ఆదివారం సాయంత్రం నాంచారయ్య ఫోన్ చేశాడు. అప్పటిదాకా నాకెప్పుడూ చేసినవాడు కాదు. 

"రేపు సోమవారం కదండీ" అన్నాడు. "మీరొస్తారా, నన్నొక్కణ్ణే వెళ్ళమంటారా?"